మటన్ అనే కుక్క కథ

ఆ శనివారం పొద్దున కుక్కల గ్రూమర్ ముందు నేను నిలబడిన తీరు, చిన్నప్పుడు లెక్కల పరీక్ష పేపరు పట్టుకుని సార్ ముందు నిలబడిన తీరు ఒక్కటే. ఆవిడ మా మబ్బుని బల్ల మీదకి ఎక్కించి, స్టీలు దువ్వెన తీసి చెవి వెనకాల పెట్టింది. అరంగుళం కూడా దిగలేదు. ముందుకాళ్ల చంకల్లో పెట్టింది, అక్కడా దిగలేదు. మెడపట్టీ విప్పి చూసింది. దాని కింద ఉన్నది బొచ్చులా లేదు, చెప్పు అడుగులా ఉంది. "ఇప్పుడు దువ్వితే పాపం దానికి నరకం. మొత్తం తీసేయాల్సిందే" అంది చాలా మర్యాదగా. తిట్టినా బాగుండేది. మర్యాదగా చెప్పేసరికి ఇంకా సిగ్గేసింది.

మబ్బు మా ఇంటికొచ్చి మూడేళ్లు. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. షీట్‌జూ పాలు ఎక్కువ, పూడుల్ పాలు కొంచెం అని వాళ్లు చెప్పారు. తెలుపూ బూడిదా కలిసిన రంగు కాబట్టి మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. సియాటిల్‌లో ఉండేవాళ్లకి ఆ పేరు తట్టడం పెద్ద విశేషమేం కాదు, చలికాలమంతా తలెత్తితే కనిపించేది అదే. రోజూ దువ్వాలి సుమా అని తెచ్చుకున్న రోజే చెప్పారు. రెండేళ్లు బుద్ధిగా దువ్వాను కూడా. కిందటి చలికాలం మాత్రం ఒక క్లయింటు దగ్గర పాత సిస్టం నుంచి కొత్త సిస్టంకి డేటా మార్చే పని నెత్తిన పడింది. రాత్రి రెండింటికి కాల్స్, పొద్దున ఏడింటికి మళ్లీ కాల్స్. "రేపు దువ్వుదాంలే" అనుకుంటూ తొమ్మిది వారాలు దాటించేశాను.

మధ్యలో ఒక తెలివైన పని కూడా చేశాను. అక్కడక్కడా చిక్కులు తగులుతున్నాయి కదా, స్నానం చేయిస్తే వదులవుతాయని షాంపూ పోసి బాగా రుద్ది రుద్ది స్నానం చేయించాను. దువ్వకుండా తడపడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది. వెంట్రుకని భూతద్దంలో చూస్తే పైన చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. తడి, రాపిడి రెండూ తోడైతే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పొడుగు బొచ్చు కుక్కల్లో ఊడిన వెంట్రుకలు నేల మీద పడవు, బతికున్న వెంట్రుకల మధ్యే ఇరుక్కుంటాయి. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య, పట్టీ కింద, అంటే ఎక్కడ రాపిడి ఎక్కువో అక్కడ ముడి మొదలవుతుంది. నీళ్లు తగిలి ఆరిందంటే ఆ ముడి ఇంకా బిగుస్తుంది. బిగిసిన ముడి చర్మాన్ని పైకి లాగి పట్టుకుంటుంది, కుక్క అడుగేసినప్పుడల్లా అది గుంజుతుంది. కింద గాలి ఆడక పుండ్లు పడతాయి. చర్మం ఆ ముడి లోపలికి లేచి ఉంటుంది కాబట్టి కత్తెర పెడితే తోలు తెగే ప్రమాదం. అందుకే గ్రూమర్ మిషనుతోనే తీస్తానంది.

గంటన్నర పట్టింది. మబ్బు బక్కచిక్కిన గొర్రెపిల్లలా బయటికొచ్చింది. చంకలో రెండుచోట్ల ఎర్రగా కమిలి ఉంది. అది నా వంక చూడకుండా గోడవంక చూస్తూ నిలబడింది. (కుక్కలకి అలగడం రాదని ఎవరైనా అంటే నమ్మకండి.) బొచ్చుని సంచిలో పెట్టి "పారేయమంటారా?" అని గ్రూమర్ అడిగితే, ఎందుకో తెలీదు, ఇంటికే తెచ్చాను.

అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది, ఆరు నెలలకని వచ్చింది. సంచిలో ఏముందోనని తీసి, ఒక మూల పట్టుకుని పైకెత్తింది. బొచ్చంతా ఒకే దుప్పటిలా లేచొచ్చింది, ఎక్కడా విడిపోలేదు. తిడుతుందేమోనని చూస్తున్నాను. తిట్టలేదు. వేళ్ల మధ్య నలిపి చూసి, "మంచిగనే అట్టగట్టింది గదరా. గొంగడికి పనికొస్తది" అంది.

అమ్మకి ఆ మాట అనే హక్కుంది. అమ్మ పుట్టిల్లు సిద్దిపేట దగ్గర ఒక పల్లె, గొర్లు కాసే కురుమల ఇల్లు. తాత ఏడాదికి రెండుసార్లు గొర్ల బొచ్చు కత్తిరించేవాడు. అమ్మమ్మ ఆ ఉన్నిని ఏకి, వడికి నూలు తీసేది. గుంటమగ్గం మీద తాత గొంగడి నేసేవాడు. నేసే ముందు పడుగుకి చింతగింజల గంజి పట్టించేవాళ్లు, దాంతో నూలు గట్టిపడుతుంది. నల్లటి దక్కనీ గొర్రె ఉన్ని గొంగడి కప్పుకుని వానలో పొలం దగ్గర నిలబడితే తడి లోపలికి త్వరగా రాదు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, ఒక చిన్న కుక్క బొచ్చుని కాపాడలేకపోయాను.

తర్వాత రెండు వారాలకి అమ్మని, పిల్లని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఉన్న బర్క్ మ్యూజియంకి తీసుకెళ్లాను. డైనోసార్ ఎముకలు చూపిద్దామని వెళ్తే, అమ్మ మాత్రం ఇక్కడి ఆదివాసులు కోస్ట్ సేలిష్ వాళ్ల నేత పనుల ముందు ఆగిపోయింది. మగ్గం ఏది, కదురు ఏది, పడుగు ఎట్ల పోసిన్రు అని ఒకటే ప్రశ్నలు. ఒకప్పుడు వీళ్లు ఉన్ని కోసమే ఒక జాతి కుక్కల్ని పెంచేవాళ్లని చెప్పాను. "కుక్క ఉన్నా!" అని మా అమ్మాయి నోరు తెరిచింది. అమ్మ ఆశ్చర్యపోలేదు. "మరి గా కుక్కల్ని ఎవలు సాకేటోళ్లు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచి అదే పనిగా చదవడం మొదలుపెట్టాను.

1792 మే నెలలో బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ జార్జ్ వాంకూవర్ తన డిస్కవరీ ఓడతో మా ఊరి ముందున్న సముద్రపాయలోకి వచ్చాడు. తన లెఫ్టినెంట్ పీటర్ ప్యూజెట్ పేరు మీద దానికి ప్యూజెట్ సౌండ్ అని పేరు పెట్టింది ఆయనే. బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపం కొసన లంగరు వేశాడు. ఇవాళ మా సియాటిల్ రేవులో ఫెర్రీ ఎక్కితే అరగంటలో ఆ ద్వీపంలో ఉంటాం. అక్కడి జనం దగ్గర చాలా కుక్కలు కనిపించాయని, అవి పామెరేనియన్ కుక్కల్లా ఉన్నా వాటికంటే కాస్త పెద్దవని ఆయన తన యాత్రాగ్రంథంలో రాశాడు. (ఆ రోజుల పామెరేనియన్ ఇప్పటి బొమ్మకుక్క కాదు, మంచి సైజున్న కుక్క.) ఇంగ్లండులో గొర్రెలకి తీసినట్టు వాటి బొచ్చుని చర్మం దాకా కత్తిరించారట. ఆ బొచ్చు ఎంత దట్టమంటే, ఒక మూల పట్టుకుని ఎత్తితే పెద్ద ముక్క కూడా విడిపోకుండా లేచొచ్చేదట.

అది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మా వంటింట్లో అమ్మ చేసింది అచ్చం అదే కదా! 230 ఏళ్ల కిందట ఒక నావికుడు ఈ నీళ్ల పక్కన చూసి ముచ్చటపడిన సంగతి, మా ఇంట్లో నా బద్ధకానికి సాక్ష్యంగా సంచిలో ఉంది. వెంట్రుక గుణం రెండుచోట్లా ఒకటే. ఒకదానికొకటి అల్లుకుపోవడం దాని స్వభావం. ఆ స్వభావాన్ని చూసుకునే చెయ్యి ఉంటే దుప్పటి అవుతుంది, లేకపోతే పుండవుతుంది.

ఇంతకీ అమ్మ ప్రశ్నకి జవాబు: ఆడవాళ్లు. ఈ ఉన్నికుక్కలు ఆడవాళ్ల ఆస్తి. ఎన్ని కుక్కలుంటే ఆ ఇల్లాలికి అంత పరువు. వేటకీ కాపలాకీ ఉండే మామూలు ఊరకుక్కలతో కలిస్తే పుట్టే పిల్లలకి ఉన్ని ఉండదు. అందుకని వీటిని చిన్న చిన్న ద్వీపాల్లోనో, దడి కట్టిన దొడ్లలోనో విడిగా ఉంచేవాళ్లు. పడవల మీద వెళ్లి మేత పెట్టి వచ్చేవాళ్లు. మేత అంటే సాల్మన్ లాంటి చేపలు. బొచ్చు పెరగగానే కత్తిరించేవాళ్లు కాబట్టి మా మబ్బుకి పట్టిన గతి వాటికి పట్టే అవకాశం తక్కువ. ఇప్పటికీ దువ్వే తీరిక లేనివాళ్లకి గ్రూమర్లు చెప్పే సలహా అదే కదా, బొచ్చు పొట్టిగా ఉంచండి అని.

కత్తిరించిన బొచ్చులో ఒకరకం తెల్లమట్టి పొడి చల్లి దంచేవాళ్లు. జిడ్డు పోయి ఉన్ని పొంగుతుంది. కొండమేకలు ఎండాకాలంలో పొదలకి రాసుకుని వదిలిన బొచ్చుని ఏరి తెచ్చి కలిపేవాళ్లు. ఒక్కోసారి ఫైర్‌వీడ్ అనే మొక్క దూది కూడా కలిపేవాళ్లు. పెద్ద బిళ్ల ఉన్న కదురుతో వడికి, నిలువు మగ్గం మీద దుప్పట్లు నేసేవాళ్లు. ఆ దుప్పటి చలికి కప్పుకునే బట్ట మాత్రమే అనుకుంటే పొరపాటు. పెళ్లిలో, పేరు పెట్టేటప్పుడు, చావు దగ్గర, విందుల్లో పెద్దలు పంచే కానుక అది. ఒక రకంగా బ్యాంకు ఖాతా. పాల్ కేన్ అనే చిత్రకారుడు 1847 ప్రాంతంలో ఇటువైపు తిరిగి గీసుకున్న బొమ్మల ఆధారంగా వేసిన ఒక వర్ణచిత్రం టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియంలో ఉంది. అందులో ఒకామె మగ్గం ముందు కూర్చుని నేస్తుంటుంది. ఆ గదిలోనే ఒక తెల్లకుక్క ఉంటుంది.

వెంట్రుకల్ని అల్లుకోనిచ్చి వాడుకున్నది ఒక్క వీళ్లే కాదు. హంగేరీలో మందలు కాసే పూలీ కుక్కకి బొచ్చు తాళ్లలా జడలు కడుతుంది. చూస్తే అసలు దువ్వెనే తగలనట్టుంటుంది గానీ, ఆ తాళ్లని ఎప్పటికప్పుడు వేళ్లతో విడదీయకపోతే అదీ ఒకే అట్ట అయిపోతుంది. పూడుల్‌కి సింహం కటింగ్ వేయడం కూడా మొదట షోకు కాదు. అది నీళ్లలో పడ్డ బాతుల్ని తెచ్చే వేటకుక్క. ఈదడానికి అడ్డం రాకుండా వెనకభాగం గొరిగి, చలి తగలకుండా రొమ్ము మీదా కీళ్ల మీదా బొచ్చు వదిలేవాళ్లు. తర్వాత పారిస్‌లో అది ఫ్యాషనై, సెన్ నది ఒడ్డున కుక్కలకి క్షవరం చేసి బతికేవాళ్లు కూడా తయారయ్యారు. మన భాషలో ఉన్న "జడ" అనే మాట తమాషాగా ఉంటుంది. అమ్మ దువ్వి అల్లితే జడ. ఎవరూ దువ్వకపోతే జుట్టు జడలు కడుతుంది. మాట ఒకటే, మధ్యలో చెయ్యి ఉందా లేదా అన్నదే తేడా.

ఇక మటన్ దగ్గరికొద్దాం. 1850ల చివర్లో అమెరికాకీ బ్రిటిష్ కెనడాకీ మధ్య సరిహద్దు గీయడానికి ఒక సర్వే బృందం ఇక్కడ పనిచేసింది. అందులో జార్జ్ గిబ్స్ అనే ఆయన ఉండేవాడు, ఇక్కడి భాషల గురించీ జనం గురించీ చాలా రాసిపెట్టిన మనిషి. ఆయన దగ్గర ఒక ఉన్నికుక్క ఉండేది. పేరు మటన్! మనవాళ్లకి ఆ పేరు వినగానే ఆదివారం గుర్తొస్తుంది గానీ, పాపం అది కుక్కే. 1859లో చనిపోయింది. గిబ్స్ దాని తోలుని వాషింగ్టన్ డీసీలోని స్మిత్సోనియన్‌కి పంపాడు. అక్కడ సొరుగులో నూట నలభై ఏళ్లకి పైగా పెద్దగా ఎవరూ పట్టించుకోకుండా ఉండిపోయింది. 2000ల్లో పరిశోధకుల కంట పడ్డాక తెలిసింది, ఆ జాతిదని తెలిసిన తోలు ప్రపంచంలో అదొక్కటేనని.

ఎందుకంటే ఆ జాతి ఇప్పుడు లేదు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి దాదాపు పూర్తిగా పోయింది. పాత దుప్పట్లలో నిజంగా కుక్క ఉన్ని ఉందా, అది ఉత్త కథా అని చాలాకాలం వాదన కూడా నడిచింది. 2011లో ప్రొటీన్ పరీక్షలతో పాత దుప్పట్లు కొన్నిటిలో కొండమేక బొచ్చుతో పాటు కుక్క బొచ్చు ఉందని తేలింది. 2023 డిసెంబరులో సైన్స్ పత్రికలో మటన్ డీఎన్ఏ మీద పెద్ద వ్యాసం వచ్చింది. మటన్ వంశంలో దాదాపు 85 శాతం యూరప్ వాళ్లు రాకముందు నుంచీ ఇక్కడున్న కుక్కలదే. మిగతా కుక్కల నుంచి ఈ శాఖ విడిపోయి ఐదువేల ఏళ్ల దాకా అయి ఉండొచ్చని అంచనా. వెంట్రుకలకీ చర్మానికీ సంబంధించిన జన్యువుల్లో ప్రత్యేకమైన మార్పులు కనిపించాయి. అందులో ఒకటి, మనుషుల్లో జుట్టు ఉన్నిలా మారడానికి కారణమయ్యే జన్యువే. యూరప్ కుక్కలు వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా వంశం అంత చెక్కుచెదరకుండా ఉందంటే, ఆ ఆడవాళ్లు ఎంత పట్టుదలగా వాటిని విడిగా కాపాడారో ఆలోచించండి. వేల ఏళ్ల పాటు ఏ ఒక్క తరమైనా "రేపు చూద్దాంలే" అనుకుని ఉంటే అయిపోయేది.

మరి ఎలా పోయింది? పాత పుస్తకాల్లో ఒకే వాక్యంలో జవాబుంటుంది: హడ్సన్స్ బే కంపెనీ చవక దుప్పట్లు తెచ్చింది, కుక్కల అవసరం తీరిపోయింది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి నచ్చే జవాబు అది. పాత సిస్టం పోయింది, కొత్త సిస్టం వచ్చింది. కానీ 2023 పరిశోధనలో కోస్ట్ సేలిష్ పెద్దలు కూడా పాలుపంచుకున్నారు. వాళ్లు చెప్పింది వేరు. బ్యాంకు ఖాతా లాంటి దాన్ని, పూజలో వాడే దాన్ని, అంగట్లో చవగ్గా దుప్పటి దొరికిందని ఎవరైనా వదులుకుంటారా? మశూచి ఊళ్లకి ఊళ్లనే తుడిచిపెట్టింది. వాంకూవర్ వచ్చేనాటికే ఒకసారి వచ్చి పోయింది, 1862లో మళ్లీ వచ్చింది. 1855 ఒప్పందాలతో జనాన్ని సొంత నేలల నుంచి రిజర్వేషన్లకి తరిమారు. మతబోధకులూ ప్రభుత్వ ఏజెంట్లూ పాత పద్ధతులు వదలమన్నారు, కుక్కల్నీ వదలమన్నారు. పిల్లల్ని బోర్డింగ్ బడులకి పట్టుకెళ్లారు. దుప్పట్లు పంచే పోట్లాచ్ విందుల్ని కెనడా 1885 నుంచి 1951 దాకా చట్టం పెట్టి నిషేధించింది. ద్వీపానికి పడవ మీద మేత తీసుకెళ్లే చెయ్యి లేకపోతే ఆ కుక్క నాలుగైదు తరాల్లో మామూలు కుక్కల్లో కలిసిపోతుంది. దాన్ని ఎవరూ చంపక్కర్లేదు. నేత మాత్రం చావలేదు. తర్వాతి తరాలవాళ్లు గొర్రె ఉన్నితో దాన్ని నిలబెట్టుకున్నారు, ఇవాళ్టికీ నేస్తున్నారు.

ఇదంతా అమ్మకి ఒక సాయంత్రం తెలుగులో చెప్పాను. అంతా విని, "మన నల్లగొర్లు గంతే గదా" అంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. మేపే బీళ్లు తగ్గిపోయాయి. గొంగడి కొనేవాళ్లు తగ్గారు, మిల్లు దుప్పట్లూ ప్లాస్టిక్ కవర్లూ వచ్చాయి. మాంసానికి ధర ఉంది, ఉన్నికి లేదు. అందుకని ఉన్ని రాని నెల్లూరు రకం గొర్రెలు మందల్లో ఎక్కువయ్యాయి. దక్కనీ గొర్రెలున్న వాళ్లు కూడా, గొర్రెకి బొచ్చు తీయకపోతే ముళ్లు పట్టి పురుగు పడుతుంది కాబట్టి తీసి దిబ్బ మీద పారేస్తున్నారు. తాత పోయాక ఆయన కత్తెర మేనమామ ఇంట్లో ఎక్కడో అటక మీద ఉందట. మా అమ్మ చెల్లెళ్లలో ఉన్ని వడకడం వచ్చినవాళ్లు ఇద్దరు. వాళ్ల పిల్లల్లో ఎవరికీ రాదు. ఆ ఎవరికీ రానివాళ్లలో నేనూ ఒకణ్ని. మా మీద ఏ ఏజెంటూ ఏ చట్టమూ పెట్టలేదు. మేం చదువుకున్నాం, ఉద్యోగాలొచ్చాయి, వచ్చేశాం. దాన్ని తప్పని అనలేను. అమ్మ కూడా అనలేదు. కానీ ఆ రాత్రి లెక్క వేసుకుంటే, మాకు తెలిసినంత కాలం నుంచీ చేతులు మారుతూ వచ్చిన ఒక పని, ఎవరూ ఏమీ అనకుండానే, మా తరంలో ఆగిపోయింది.

మబ్బుకి బొచ్చు మళ్లీ రావడం మొదలైంది. ఒక రోజు అమ్మ కింద కూర్చుని, చిన్నప్పుడు మా చెల్లెల్ని కూర్చోబెట్టుకున్నట్టే దాన్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంది. నన్ను పిలిచి దువ్వెన చేతికిచ్చింది. నేను అలవాటుగా మొదట్లో పెట్టి కిందికి లాగాను. "గట్ల గుంజకురా, నొస్తది దానికి. మొదలు ఎడమచేత్తోని గట్టిగ పట్టుకో. కొసకెల్లి మొదలువెట్టు. జరంత జరంత పైకి పో" అంది. పైపైన దువ్వి ఊరుకోకుండా, బొచ్చుని పాయలుగా తీసి, చర్మం కనపడేదాకా ఒక్కో వరసా దువ్వమంది. గ్రూమర్ చెప్పింది కూడా సరిగ్గా ఇదే. ముందు బ్రష్, తర్వాత స్టీలు దువ్వెన, దువ్వెన ఎక్కడా ఆగకుండా జారితేనే స్నానం, స్నానమయ్యాక పూర్తిగా ఆరబెట్టి మళ్లీ దువ్వడం. చిన్న ముడి తగిలితే కాస్త మొక్కజొన్న పిండి అద్ది వేళ్లతో విడదీయమని కూడా గ్రూమర్ చెప్పింది. పిండి అద్దుతుంటే ఆ తెల్లమట్టి గుర్తొచ్చింది. అమ్మకి చింతగింజల గంజి గుర్తొచ్చిందట.

అమ్మ వెళ్లిపోయి నాలుగు నెలలైంది. రాత్రి తొమ్మిదిన్నరకి, కాల్స్ ఉన్నా లేకపోయినా, పది నిమిషాలు మబ్బు పని. ఒక్కోసారి నేను, ఒక్కోసారి మా అమ్మాయి. దానికి ఇప్పుడు కొసల నుంచి మొదలుపెట్టడం చెప్పకుండానే వస్తుంది. అప్పటికి ఊళ్లో పొద్దున అవుతుంది కాబట్టి అమ్మ ఫోన్‌లోనే ఉంటుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. మనవరాలి చదువు గురించి అడుగుతుంది, నా తిండి గురించి అడుగుతుంది. చివర్లో మాత్రం తప్పకుండా ఒక మాట అంటుంది:

"అన్నీ మంచిగనే ఉన్నయి గని, చెవి ఎన్క చూపియ్యి."